ఏక పౌరసత్వం: రెండు మార్కులు

ఇంటర్మీడియట్ సివిక్స్‌లో పది మార్కుల ప్రశ్న ఒకటుంది. భారత సమాఖ్య లక్షణాలను వివరించండి. ఇరవై నాలుగేళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు రాయిస్తూ బతుకుతున్నాను. లిఖిత రాజ్యాంగం, అధికార విభజన, రాజ్యాంగ ఆధిక్యత, స్వతంత్ర న్యాయవ్యవస్థ, ద్విసభా విధానం. పిల్లలు తలెత్తకుండా రాసుకుంటారు. నేనూ తలెత్తకుండానే చెబుతాను. మధ్యాహ్నం మూడో పీరియడ్‌లో నా గొంతు వింటుంటే కమ్మగా నిద్ర పడుతుందని పక్క గదిలో లెక్కలు చెప్పే సారు ఒకసారి అన్నాడు. ఆయన లెక్కలు వింటే నాకు కడుపులో తిప్పుతుందని నేను అనలేదు.

పది మార్కుల ప్రశ్న వెనకే రెండు మార్కుల ప్రశ్న. ఏక పౌరసత్వం అంటే ఏమిటి? "దేశంలో ఎక్కడ పుట్టినా, ఎక్కడ చదివినా, ఎక్కడ నివసించినా అందరూ ఒకే దేశ పౌరులు. రాష్ట్రానికి వేరుగా పౌరసత్వం ఉండదు." ఈ రెండు వాక్యాలు రాస్తే రెండు మార్కులు పడతాయి. ఈ రెండు వాక్యాలు నమ్మితే ఏమవుతుందో సిలబస్‌లో లేదు.

నేను పనిచేసేది భద్రాచలంలో. రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు, దిగువన కడుతున్న ప్రాజెక్టు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూసి, ఖమ్మం జిల్లా మండలాలు కొన్నింటిని పక్క రాష్ట్రంలో కలిపారు. పట్టణం ఇటు ఉండిపోయింది. పట్టణానికి పాలూ కూరగాయలూ తెచ్చే పల్లెలు అటు పోయాయి. అన్నదమ్ములు పంచుకుంటూ ఒకరికి ఇల్లు, ఇంకొకరికి ఆ ఇంటి వాకిలి రాసుకుంటే ఊళ్లో జనం నవ్వుతారు. అదే పని ఢిల్లీలో చేస్తే గెజిట్ అంటారు.

కాలేజీ నుంచి స్కూటీ మీద ఎటపాక వైపు కాసేపు పోతే రాష్ట్రం మారిపోతుంది. మారినట్టు నేలకు తెలియదు. గేదెలకు తెలియదు. ఫ్లెక్సీలకు మాత్రం బాగా తెలుసు. అదే రోడ్డు మీద ఇద్దరు ముఖ్యమంత్రులు ఎదురెదురుగా నిలబడి నవ్వుతుంటారు. ఇక్కడ దొరకని బ్రాండు అక్కడ దొరుకుతుందని సాయంత్రం అటు పోయేవాళ్లు, అక్కడ దొరకని బ్రాండు కోసం ఇటు వచ్చేవాళ్లు. మన సమాఖ్య వ్యవస్థను మనస్ఫూర్తిగా అర్థం చేసుకున్నది వాళ్లొక్కరే అనిపిస్తుంది నాకు.

విభజన రోజుల్లో మా స్టాఫ్ రూములో ప్రతివాడూ రాజ్యాంగ నిపుణుడే. మన అసెంబ్లీ ఒప్పుకోకుండా మండలాలు ఎట్లా ఇస్తారని ఒకరు, కోర్టుకు పోతే ఆగిపోతుందని ఒకరు. వాళ్లలో సగం మంది రాజ్యాంగం అట్ట కూడా చూసి ఎరగరు. నేను నా పాత నోట్స్ తీసి మూడో అధికరణం చదివి వినిపించాను. కొత్త రాష్ట్రం ఏర్పాటు చేయడం, ఉన్న రాష్ట్రాల సరిహద్దులు మార్చడం పార్లమెంటు చేతిలో పని. ఆ రాష్ట్రం శాసనసభ అభిప్రాయం అడగాలి. అది ఒప్పుకోవాల్సిన అవసరం మాత్రం లేదు. యూనియన్ చెక్కుచెదరదు, రాష్ట్రాలను ఎట్లా కావాలంటే అట్లా కోయవచ్చు. అందరూ నోళ్లు మూశారు. నాకు గర్వంగా ఉండింది. ఆ గర్వం ఇప్పుడు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

మా ఇంటికి చింతపండు తెచ్చే ఆవిడ అటు పోయిన ఒక గూడెంలో ఉంటుంది. కోయవాళ్లు. ఎండాకాలం చింతపండు, మిగతా రోజుల్లో కొండచీపుర్లు. నేను ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన ఏడు నుంచీ వస్తోంది. విడిపోయిన తర్వాతి వేసవిలో ఒక రోజు సగం మూటతో వచ్చింది. అడవి చెక్‌పోస్టు దగ్గర ఆపారట. పక్క రాష్ట్రం అటవీ సరుకు తేవాలంటే పర్మిట్ ఉండాలన్నారట. బతిమాలితే సగం వదిలారట.

"నా చెట్టు కాయ నేను తెస్తుంటే, ఏ రాష్ట్రంది అని అడుగుతున్నరు టీచరమ్మా. చెట్టుకు రాష్ట్రం ఉంటదా?" అంది.

దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా జరగాలని రాజ్యాంగంలోనే ఉందని చెప్పాను.

"గట్లయితే ఆ మాట జర వాళ్లకు చెప్పరాదు."

నేను పోలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఎండకు బద్ధకించాను.

ఆ రోజే ఆమె నన్ను ఇంకో మాట అడిగింది. ఢిల్లీలో ఈ గీత గీసినప్పుడు అందరూ కూర్చుని మాట్లాడుకున్నారా అని. ఎందుకు అడుగుతున్నావంటే వాళ్ల గూడెం సంగతి చెప్పింది. వాళ్ల గూడేనికీ పక్క గూడేనికీ మధ్య పొలిమేర ఒక వాగు. ఒక వానాకాలం వాగు దారి మార్చుకుంది. పొలిమేర ఎక్కడ ఉండాలో తేల్చడానికి రెండు గూడేల పెద్దలూ ఆ వెంట కలిసి నడిచారట. నడిచి కూర్చున్నారట. ఒక ముసలామె అడ్డం పడింది, తన ఇప్పచెట్టు అవతలికి పోతుందని. ఆమె అవునని అనేదాకా ఎవరూ రాయి పాతలేదు. రెండు పంటలు గడిచాయట. చివరికి పొలిమేర ఆ చెట్టు దగ్గర వంకర తిరిగి, చెట్టును ఆమె వైపే ఉంచి, మళ్లీ వాగులో కలిసింది.

"ఢిల్లీల గూడ అడుగుతారు. రాష్ట్రం అభిప్రాయం అడగాలని రూల్ ఉంది" అన్నాను. మాట్లాడేటప్పుడు ఈ ప్రాంతం యాస నా నోట్లో అప్పుడప్పుడు దొర్లుతుంది.

"అడిగిన్రా మరి?"

"అడిగారు. కాని వినాల్సిన పని లేదు."

ఆమె చింతపండు ముద్దలు బుట్టలో సర్దుతూ ఆగింది. "ఇననప్పుడు అడుగుడెందుకు టీచరమ్మా?"

నేను నవ్వాను. పాపం, ఏమీ తెలియదనుకున్నాను. సెలవులయ్యాక మూడో అధికరణం చెబుతూ ఆ మాట క్లాసులో చెప్పి పిల్లలను కూడా నవ్వించాను.

ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది మూడో తరగతి నుంచి భద్రాచలంలోనే, ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి చదివేది. చేర్చినప్పుడు జిల్లా ఒకటే, రాష్ట్రమూ ఒకటే. ఆ పిల్ల ఐదు పాసయ్యాక ఒక ఆదివారం తల్లి మా ఇంటికి వచ్చింది. వెంట గూడెం బడి పంతులు. ఆయన అప్పటికే పక్క రాష్ట్రం ఉద్యోగి అయిపోయాడు. జేబులో ఎర్ర పెన్ను, చంకలో ప్లాస్టిక్ ఫైలు. ఎవరు ఏది అడిగినా "రూలు అట్లా లేదండి" అనే మనిషి. పదేళ్లుగా కోయ పిల్లలకు పాఠాలు చెబుతూ కోయలో ఒక్క మాట నేర్చుకోలేదు. ఆయన్ను చూస్తేనే నాకు చిరాకు.

"ఈ పాపను ఆరు నుంచి మా వైపు బళ్లో వేయించండి మేడం. ఇల్లు అక్కడ, చదువు ఇక్కడ అయితే రేపు ఎక్కడా లోకల్ కాకుండా పోతుందండి" అన్నాడు.

"రాజ్యాంగం నాకు మీరు చెబుతారా మాస్టారూ?" అన్నాను. ఏక పౌరసత్వం గురించి ఆయనకు చిన్నపాటి ఉపన్యాసం ఇచ్చాను. ఒకే దేశం, ఒకే పౌరసత్వం, ఈ గీతలు పరిపాలన సౌకర్యం కోసం గీసుకున్నవి, మనిషి హక్కులను ఇవి ఏమీ చేయలేవు. ఆయన ఫైలు చంకలో ఇంకొంచెం పైకి జరుపుకున్నాడు.

అప్పుడు తల్లిని అడిగాను. "నీ మాటేంటి?"

"ఆవలనే ఏస్తే మంచిగుంటదేమో అనిపిస్తుంది టీచరమ్మా. ఇంటికి గూడ దగ్గర."

"నీకు తెలియదులే. ఇక్కడ చదువు బాగుంటుంది. ఇక్కడే ఉంచు."

ఆమె పంతులు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి "అవ్" అంది. పిల్ల ఇక్కడే ఉండిపోయింది.

తర్వాత ఆ పిల్ల మా కాలేజీకే వచ్చింది. నా క్లాసులో రెండో బెంచీ. చేతిరాత ముత్యాల్లా ఉండేది. నా నోట్స్ అక్షరం పొల్లుపోకుండా రాసేది, అంతటితో ఆగకుండా అర్థం కూడా చేసుకునేది. అది మా కాలేజీలో అరుదు. టీచర్ ట్రైనింగ్ చేసి తన గూడెం బడికే పంతులమ్మగా పోవాలని దాని కోరిక. ఎందుకో కూడా చెప్పింది. ఒకటో తరగతికి వచ్చే పిల్లలకు ఇంట్లో కోయ, బళ్లో తెలుగు. ఏడాదంతా నోరు మెదపకుండా కూర్చుంటారు. పంతులు వాళ్లను మొద్దులని రాసి పైకి పంపిస్తాడు. "నన్ను గూడ గట్లనే రాసిండు మేడమ్, ఒకటో తరగతిల" అని నవ్వింది. నాకు ఆ పంతులు మీద ఉన్న తిరస్కారానికి ఇంకో కారణం దొరికింది. దొరికినందుకు సంతోషించాను కూడా.

రెండు రాష్ట్రాల ఎంట్రన్సులూ రాయించాను. రెండింట్లోనూ మంచి ర్యాంకులు. గిరిజన కోటాలో లెక్కేస్తే ఎక్కడో ఒక చోట ప్రభుత్వ కాలేజీలో సీటు ఖాయమని ధీమాగా ఉన్నాను. ప్రైవేటు కాలేజీ ఊసు ఎత్తలేదు, ఆ ఇంట్లో ఎత్తే పరిస్థితి లేదు. సర్టిఫికెట్లు చూపించే రోజు నేనే సెలవు పెట్టి వెంట వెళ్లాను.

మొదట ఇటువైపు. కౌంటర్ వెనక కూర్చున్నాయన కాయితాలు తిరగేశాడు. స్టేప్లర్ టకటకలాడించడం ఆయనకు అలవాటు.

"చదువు మొత్తం ఇక్కడిదే. లోకలే. కులం సర్టిఫికెట్ మాత్రం పక్క రాష్ట్రంది. అది మాకు పనికిరాదు మేడమ్. జనరల్‌ల పెడతం. గీ ర్యాంకుకు అండ్ల సీటు రాదు."

"ఈ పిల్ల కోయ కాదంటారా?"

"కోయనే. మా కోయ కాదు."

ఆ మాట అని స్టేప్లర్ టక్కుమనిపించాడు. నాకు ఆ స్టేప్లర్ తీసుకుని ఆయన వేలికి కొట్టాలనిపించింది. కాని ఆయన చెప్పింది తప్పు కాదు. గిరిజన తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంగా ఉంటుంది. నేనే రాయించాను ఆ నోట్స్. రెండు జాబితాల్లోనూ కోయ ఉంది. పిల్ల ఇల్లున్న రాష్ట్రం జాబితాలో అది గిరిజనం, గీత దాటితే జనరల్.

రెండో వారం అటువైపు పోయాం. అక్కడ ఉన్నది ఒక పెద్దావిడ. బాగా మర్యాదస్తురాలు. మాకు కుర్చీలు వేయించింది.

"కులం సర్టిఫికెట్ శుభ్రంగా ఉందండి. చదువే పక్క రాష్ట్రంలో అయిపోయింది. నాన్‌లోకల్ అవుతుంది. ఆ కింద ఉండే నాలుగు సీట్లకు ఈ ర్యాంకు చాలదు."

"వీళ్ల తాతముత్తాతలంతా ఇక్కడివాళ్లే. ఇల్లు ఇక్కడే ఉంది."

"ఇల్లు ఇక్కడేనండి. పిల్లే ఇక్కడిది కాదు."

ఇద్దరిలో ఒక్కరైనా తప్పు చేసి ఉంటే కొట్లాడేదాన్ని. లంచం అడిగి ఉంటే ఇంకా బాగుండేది, ఎవరినో ఒకరిని తిట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఇద్దరూ అణువంత తప్పు లేకుండా రూలు ప్రకారం పోయారు. అధికార విభజన అని ఇన్నేళ్లుగా ఊదరగొడుతున్నానే, అది పనిచేస్తే ఎట్లా ఉంటుందో ఆ రోజు చూశాను. ఒక ప్రభుత్వం పిల్లలో సగాన్ని ఒప్పుకుంది, ఇంకో ప్రభుత్వం మిగతా సగాన్ని ఒప్పుకుంది. పూర్తి పిల్ల ఎవరికీ అక్కర్లేదు. పై అధికారులకు అర్జీలు పెట్టాం. ఇది మా పరిధిలోని అంశం కాదు, పక్క ప్రభుత్వాన్ని సంప్రదించగలరు అని ఒకరు రాశారు. పక్కవారు కూడా అదే రాశారు. మాటలు కూడా మార్చలేదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ పంచుకున్నారు కాబట్టి ఎవరికీ బరువు తెలియలేదు.

రెంటికీ చెడ్డ రేవడి అనే మాట నేను క్లాసులో చాలాసార్లు వాడాను, ఎక్కువగా ద్విసభా విధానం చెప్పేటప్పుడు, పిల్లలు నవ్వుతారని. ఆ పెద్దావిడ దగ్గరి నుంచి తిరిగి వస్తుంటే బస్సులో నా పక్క సీట్లో ఆ పిల్ల సర్టిఫికెట్ల కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. నా వైపు తిరిగి అడిగింది.

"మేడమ్, ఏక పౌరసత్వం జవాబు మీరు రాయించిందే రాసిన. రెండుకు రెండు వచ్చినయ్. అది పరీక్షకేనా?"

కిటికీ వైపు తిరిగి ఎండ ఎక్కువగా ఉందన్నాను. అంతకన్నా నీచమైన జవాబు నా ఉద్యోగంలో ఎప్పుడూ ఇవ్వలేదు.

మాది మధిర పక్క ఊరు. అక్కడివాళ్లమని చెప్పుకుంటాం కాని, మా తాత కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండి మీద సామాను వేసుకుని వలస వచ్చినవాడు. అప్పట్లో మధిర వైపంతా వేరే రాజ్యం. నల్లరేగడి చవగ్గా దొరికిందని వచ్చాడు. ఒక తరానికి పొలాలు, రెండో తరానికి రైసుమిల్లు, మూడో తరానికి నేనూ నా ఉద్యోగం. నా లోకల్ సర్టిఫికెట్‌ను ఏ కౌంటరూ ఏనాడూ రెండోసారి చూడలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నెల్లూరు నుంచి విశాఖ దాకా చుట్టాలు, ఏ రాష్ట్రం పండుగ ఆ రాష్ట్రంలో చేసుకుంటాం. పొలిమేర దాటి వచ్చిన మేము లోకల్ అయ్యాం. అంగుళం కదలని వాళ్లు నాన్‌లోకల్ అయ్యారు. ఈ సంగతి మా అన్నయ్యతో అంటే, "వాళ్లు ముందే చూసుకోవద్దూ" అన్నాడు. వాళ్లు ముందే చూసుకున్నారు. చూసుకుని నా దగ్గరికి వచ్చారు. ఆ మాట అన్నయ్యకు చెప్పలేదు.

ఆ పిల్ల ఇప్పుడు భద్రాచలంలో ఒక ప్రైవేటు బడిలో నర్సరీ పిల్లలకు ఆయాగా ఉంది. ముక్కులు తుడుస్తుంది, చెప్పులు తొడుగుతుంది. టీచరమ్మ పాఠం చెబుతుంటే తలుపు పక్కన నిలబడుతుంది. మళ్లీ పరీక్ష రాయమన్నాను. రాస్తే కోటా మారుతుందా మేడమ్ అంది. మారదు.

మొన్న వేసవి చివర తల్లి చింతపండు తెచ్చింది. గింజ తీసిన పండు, ముద్దలు కట్టి. ఎప్పటిలాగే వరండాలో కూర్చుని మంచినీళ్లు తాగింది. చిన్నపిల్ల ఐదు పాసయిందని నాకు తెలుసు. ఎక్కడ వేస్తావని అడుగుదామని నోరు తెరిచేలోపే ఆమే చెప్పింది.

"చిన్నదాన్ని ఆవల బళ్లె ఏసిన టీచరమ్మా. పంతులే కాయితాలన్ని రాసిచ్చిండు."

ఆ పంతులే. ఎర్ర పెన్ను, ప్లాస్టిక్ ఫైలు, కోయలో ఒక్క మాట రాని మనిషి. పిల్లను మొద్దని రాసినవాడు ఆ ఒక్క సంగతిలో నాకన్నా ముందు చూశాడు. రాజ్యాంగం ఆయన చదవలేదు కాబట్టి దాన్ని నమ్మలేదు, నేను చదివాను కాబట్టి నమ్మాను. ఆయన్ను చూస్తే చిరాకు ఇప్పటికీ పోలేదు, కాని ఇప్పుడు అందులో సగం నా మీదిదే.

"నాతో ఒక మాట అని ఉండాల్సింది" అన్నాను. అనకుండా ఉంటే బాగుండేది.

ఆమె ఖాళీ గోనెసంచి మడత పెట్టుకుంటూ నా ముఖంలోకి చూసింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని.

"అడుగుదామనే అనుకున్న. నువ్వు గూడ అడుగుతవు గాని ఇనవు కద టీచరమ్మా. అందుకే చెప్పిపోదామని వచ్చిన."

సంచి చంకన పెట్టుకుని అటువైపు బస్సు ఎక్కడానికి వెళ్లిపోయింది.

కాలేజీ తెరిచాక కొత్త బ్యాచికి సమాఖ్య పాఠం వచ్చింది. రెండు మార్కుల జవాబు రాయించాను, పరీక్షలో వస్తుంది కాబట్టి. పిల్లలు తలెత్తకుండా రాసుకున్నారు. పుస్తకం మూసి, ఇల్లు అటు, చదువు ఇటు ఉన్నవాళ్లు మీలో ఎవరెవరని అడిగాను. ఇరవై నాలుగేళ్లలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

పదకొండు చేతులు లేచాయి. ఎందుకు అడిగానా అని అందరూ నా వైపే చూస్తున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో నా నోట్స్‌లో లేదు.